సమాధానం ఇక్కడ ఉంది

పిన్నికి కోపం వస్తే వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా వినిపిస్తుంది. నవ్వొస్తే పక్క వీధికి కూడా వినిపిస్తుంది. బ్యానర్లు అచ్చేసే షాపు నడిపే మనిషికి ఆ మాత్రం గొంతు ఉండాల్సిందే మరి. మిషను మోతలో మామూలుగా మాట్లాడితే పక్కనున్న మొగుడికి కూడా వినపడదు. అయినా ఆ మొగుడు, వీధి అంతా బాబాయి అని పిలిచే మనిషి, వినపడినా వినపడనట్టే ఉంటాడు. అది వేరే సంగతి.

ఎన్నికలొచ్చాయంటే ఆ షాపులో ఊపిరి పీల్చుకునే తీరిక ఉండదు. ఈసారి వార్డులో పోటీ ఇద్దరి మధ్యే. ఒకాయన గుర్తు గొడుగు, ఒకావిడ గుర్తు నిచ్చెన. ఇద్దరి బ్యానర్లూ పిన్ని మిషనులోంచే వస్తున్నాయి. "వానొస్తే ఆయన, బల్బు మార్చాలంటే ఆవిడ. మధ్యలో నాకెందుకొచ్చిన గొడవ?" అని పైకి అంటుంది గానీ, పిన్ని ఓటు నిచ్చెనదేనని వీధిలో తెలియనివాళ్లు లేరు. మనసులో మాట మనసులో దాచుకోవడం ఆవిడకి చేతనైతేగా!

దాచుకోలేకపోవడం వల్లే అక్కతో మాటలు పోయాయి.

పిన్నికి ఒక్కతే అక్క. ఆస్పత్రిలో పెద్ద నర్సుగా చేసి రిటైరయింది. ఇంజెక్షనంటే పారిపోయే మీసాల మగాళ్లని రెక్క పట్టుకుని వరుసలో నిలబెట్టిన మనిషి. ఆవిడ ఓటు గొడుగుకి. చిన్నప్పటి నుంచీ చర్చిలో అక్కది మొదటి గొంతు, చెల్లెలిది రెండో గొంతు. చర్చి వార్షికోత్సవం నాడు వీళ్లిద్దరూ కలిసి ఒక పాట పాడాలి. పాడకపోతే ఆ ఏడు ఆ పండగ జరిగినట్టే కాదనుకునేవారు జనం.

అలాంటిది, ఎన్నికల మాట మొదలైన కొత్తలో అక్క ఫోనుకి ఎక్కడి నుంచో ఒక మెసేజి వచ్చింది. నిచ్చెనవాళ్లు గెలిస్తే ఆదివారం సెలవు తీసేస్తారట, చర్చిలకి తాళాలు పడతాయట. అక్క గుండె గుభేలుమంది. వెనకా ముందూ చూడకుండా చుట్టాలందరూ ఉన్న గ్రూపులో పెట్టేసింది, చివర "అందరూ ప్రార్థన చేయండి" అని చేర్చి మరీ. పిన్ని చూసింది. ఒళ్లు మండిపోయింది. వార్డులో గెలిచినవాళ్లకి వీధి దీపం మార్పించడానికే దిక్కుండదు, ఆదివారం సెలవు తీసేస్తారట! "పచ్చి అబద్ధం. ఇలాంటివి పుట్టించేవాళ్లకి సిగ్గు లేదు, పంచేవాళ్లకి బుద్ధి లేదు" అని అందరి ముందూ రాసి పడేసింది.

వెంటనే అక్క దగ్గర్నుంచి వచ్చింది: "అంటే నేను బుద్ధి లేనిదాన్నా? నేను అబద్ధాలకోరునా? సమాధానం చెప్పు."

పిన్ని చెప్పలేదు. ఏం చెప్పాలో తెలియక గ్రూపులోంచి బయటికొచ్చేసింది. ఆ తర్వాతి ఆదివారం అక్క వెళ్లి చర్చిలో కిటికీ పక్క బల్ల మీద కూర్చుంది. పిన్ని తలుపు పక్క బల్ల మీద కూర్చుంది. మధ్యలో చర్చి మొత్తం ఉంది. అప్పటి నుంచీ అంతే. పాట మొదలైతే అక్క ఒక వేగంతో, చెల్లెలు ఒక వేగంతో పాడేవారు. మధ్యలో ఉన్న జనం ఎటు పోవాలో తెలియక నలిగిపోయేవారు. పాస్టరుగారు కుర్రవాడు, కొత్తగా వచ్చినవాడు, మెత్తని మనిషి. ఆయనకి ఏం చేయాలో పాలుపోక, "గేటు బయట ఎవరి గుర్తు వాళ్లది. గేటు లోపల మాత్రం రాజకీయం మాట ఎత్తకండి" అని ప్రకటించేశాడు. వార్షికోత్సవం కార్యక్రమంలోంచి అక్కచెల్లెళ్ల పాట కూడా మాట్లాడకుండా తీసేశాడు. ఆ కార్యక్రమం కాగితం పిన్ని షాపులోనే అచ్చయింది. తన పాట లేని కాగితాన్ని తన చేత్తో కత్తిరిస్తుంటే పిన్నికి ఎంత బాధేసిందో పైవాడికే తెలుసు. పగలల్లా మిషను మీద కేకలేసింది గానీ, అక్క లేకపోతే తను సగం మనిషినని ఆవిడకి తెలుసు.

సరే, ఇక అసలు సంగతికొద్దాం.

చర్చికి వెళ్లని వాళ్ల కోసం ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. మామూలుగా సమాధానం అంటే ఏమిటి? ప్రశ్న అడిగితే ఇచ్చే జవాబు. కానీ చర్చి మనుషుల నోట ఆ మాటకి ఇంకో అర్థం ఉంది: శాంతి, నెమ్మది, మనసులు కలవడం. ఇద్దరు కొట్టుకుని మళ్లీ కలిస్తే సమాధానపడ్డారంటారు. ఈ చర్చిలోనైతే ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక అందరూ పక్కవాళ్ల వైపు తిరిగి, చెయ్యి కలిపి, "మీకు సమాధానం" అని చెప్పుకుంటారు. పుట్టినప్పటి నుంచీ ఆ మాట అలా వింటూ పెరిగినవాళ్లకి ముందుగా తోచేది ఈ అర్థమే. జవాబన్న అర్థం తర్వాత ఎప్పుడో గుర్తొస్తుంది, అదీ గుర్తొస్తేనే.

వచ్చే ఆదివారమే వార్షికోత్సవం అనగా పాస్టరుగారు షాపుకొచ్చాడు.

"వందనాలు పిన్నిగారూ. గేటు మీదికి ఒక పెద్ద బ్యానరు కావాలండి. ఎక్కడ చూసినా జనం పార్టీల పేరు చెప్పి కొట్టుకుంటున్నారు. అన్నదమ్ములు మాట్లాడుకోవడం లేదు..." అని ఆగి, నాలుక కరచుకున్నాడు.

"అక్కచెల్లెళ్లు కూడా. పర్లేదు అయ్యగారూ, చెప్పండి" అంది పిన్ని.

"అందుకే, అందరికీ తగిలేలా ఒక్క మాట చాలనుకుంటున్నాను. సమాధానం ఇక్కడ ఉంది. ఆదివారం ఉదయం తొమ్మిదికి. అందరూ రండి. అంతే."

పిన్నికి తెగ నచ్చింది. తనకిష్టమైన లావుపాటి అక్షరాలు తీసింది, తనకిష్టమైన నీలం రంగు వేసింది. పాస్టరుగారు చదివి బాగుందన్నాడు. పిన్ని ఒత్తులూ దీర్ఘాలూ సరిచూసింది. బాబాయి కళ్లజోడు పెట్టుకుని చదివి తలూపాడు. ముగ్గురూ చర్చిలో పుట్టి పెరిగినవాళ్లే. ముగ్గురికీ అందులో ఏ తప్పూ కనపడలేదు.

మర్నాడు బాబాయి నిచ్చెన వేసుకుని (ఇంట్లో నిచ్చెన, పార్టీది కాదు) దాన్ని గేటు మీద కట్టాడు. గేటుకి ఎడమ పక్క గోడ మీద గొడుగాయన చెయ్యి ఊపుతూ నవ్వుతున్నాడు. కుడి పక్క నిచ్చెనావిడ చెయ్యి ఊపుతూ నవ్వుతోంది. మూడూ పిన్ని షాపువే. మూడింటివీ అవే లావుపాటి అక్షరాలు, అదే నీలం. దూరం నుంచి చూసేవాళ్లకి అది మూడు బ్యానర్లలా లేదు. ఇద్దరు అభ్యర్థులూ కలిసి జనానికి ఇచ్చిన మాటలా ఉంది.

ఆ సాయంత్రమే పంక్చర్ల తాత షాపు ముందుకొచ్చి నిలబడ్డాడు. చర్చి ఎదురుగా టైర్లకి పంక్చర్లు వేసే ముసలాయన. ఏనాడూ చర్చి గడప తొక్కలేదు.

"పిన్నీ, ఆ బ్యానరు నువ్వేసిందేనా?"

"నేనే తాతా. ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉంది. ఇన్నాళ్లకి సమాధానం ఇస్తామన్నవాళ్లు కనపడ్డారు. ఇంతకీ ఎవరైనా రావచ్చా? నాలాంటివాడు కూడా?"

పిన్నికి గుండె నిండిపోయింది. "నీలాంటివాళ్ల కోసమే తాతా!"

"ఎన్నేళ్ల నుంచో మొత్తుకుంటున్నాను. ఒక్కడూ పట్టించుకోలేదు."

"ఆయన పట్టించుకుంటాడు. అందరి మొరా వింటాడు."

"స్వయంగా వస్తాడంటావా?"

"రావడమేమిటి, ఎప్పుడూ అక్కడే ఉంటాడు. మనమే వెళ్లం."

తాత నమ్మలేనట్టు చూశాడు. "అయితే నా మురుగు సంగతి కూడా చెప్పుకోవచ్చా? పైకి చెప్పడానికే సిగ్గు. వానొస్తే చాలు, కొట్టంతా కంపు."

పాపం, తాత తన పాపాల గురించి అంత బాహాటంగా ఒప్పుకుంటుంటే పిన్నికి కళ్లు చెమర్చాయి. "ఎంత మురుగైనా కడిగేస్తాడు తాతా! నువ్వు సిగ్గుపడకుండా రా."

"ఆ మాట చాలు తల్లీ" అని తాత ఆనందంగా వెళ్లిపోయాడు. పిన్ని మిషను ఆపించి మరీ మొగుడితో చెప్పింది: "విన్నావా? తాత మారిపోయాడు. ఒక్క బ్యానరుతో!" బాబాయి ఏదో అనబోయి, మానేసి, మిషను మళ్లీ నడిపాడు.

శనివారం పొద్దున్నే గొడుగు తరఫు మనిషి బండి దిగాడు. "ఏమ్మా, చర్చిలో నిచ్చెనవాళ్లు ప్రశ్నలూ జవాబులూ పెట్టుకుంటున్నారటగా? మా అభ్యర్థీ వస్తాడు. మాకేం భయమా?" పిన్ని నోరు తెరిచేలోపు వెళ్లిపోయాడు. ఆ వెనకే నిచ్చెన తరఫు మనిషి దిగాడు. "గొడుగాయన కొచ్చెన్లకి ఆన్సర్లు ఇస్తాడట కదా మీ చర్చిలో? మా మేడం కూడా వస్తోంది. వార్డంతా వస్తోంది. కుర్చీలు సరిపోతాయా?"

పిన్ని వీధిలోకి పరిగెత్తింది. చర్చి ఎదురుగా నిలబడి, పుట్టి బుద్ధెరిగాక మొట్టమొదటిసారి, ఆ మాటని చర్చి మనిషిలా కాకుండా మామూలు మనిషిలా చదివింది. మురుగంటే తాత నిజంగా మురుగు గురించే అడిగాడని కూడా అప్పుడే వెలిగింది.

"కొంప మునిగింది!" అని తిరిగొచ్చి కుర్చీలో కూలబడింది. "ఏమయ్యా, నీకు తట్టలేదా?"

"బుధవారమే అనుమానం వచ్చింది" అన్నాడు బాబాయి.

"మరి చెప్పవేం?"

"నువ్వడగలేదుగా."

దానికి పిన్ని అన్న మాటలు ఇక్కడ రాయడం బాగుండదు. నిచ్చెన భుజాన వేసుకుని చర్చికి బయల్దేరింది, బ్యానరు పీకేద్దామని. గేటు దగ్గర పాస్టరుగారు ఎదురయ్యాడు. సంగతంతా విని ముందు తెల్లబోయాడు. తర్వాత గేటుకి ఆనుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఆ మెత్తని మనిషి అంత గట్టిగా నవ్వగలడని పిన్నికి అంతకుముందు తెలియదు.

"నవ్వుతారేంటయ్యగారూ! గేటు లోపల రాజకీయం వద్దన్నది మీరే కదా?"

"నేనే. దెబ్బలాడుకుంటారని భయపడి అన్నాను." ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "ఆ నిచ్చెన దించండి. అందరూ రండి అని రాశాం. వస్తామంటున్నారు. వచ్చేవాళ్లని పొమ్మనడానికి మనమెవరం? సమాధానం ఉందన్నాం, ఏ సమాధానమో చెప్పలేదు. అసలు నాకిప్పుడే తోస్తోంది పిన్నిగారూ, మన పెద్దలు రెండింటికీ ఒకే మాట ఊరికే పెట్టలేదేమో. ఒకరు అడుగుతుంటే ఇంకొకరు జవాబివ్వకుండా మొహం తిప్పేసుకుంటే, వాళ్ల మధ్య సమాధానం ఎక్కడుంటుంది?"

ఆయన వార్డు గురించే అన్నాడు. కానీ ఆ మాట పిన్నికి సూటిగా తగిలింది. ఆవిడ నిచ్చెన కింద పెట్టి, చూపు పక్కకి తిప్పుకుంది.

ఇద్దరూ అక్కడే నిలబడి ఏర్పాట్లు అనుకున్నారు. ముందు ఆరాధన. ఆ తర్వాత ప్రశ్నలు, అవి ఆవరణలో. జెండాలు వద్దు, నినాదాలు వద్దు. అభ్యర్థులు మొదలుపెట్టే ముందు ఒకరితో ఒకరు చెయ్యి కలిపి "మీకు సమాధానం" అనాలి.

"అంత జనాన్ని వరుసలో నిలబెట్టడానికి గట్టి మనిషి కావాలి" అన్నాడు పాస్టరుగారు. అని ఊరుకున్నాడు. ఆ గట్టి మనిషి ఎవరో ఇద్దరికీ తెలుసు.

"నేనడగలేను అయ్యగారూ. నా మొహాన తలుపేస్తుంది."

"నేను వెళ్తాను. చెల్లెలు పంపిందని చెప్పనా, వద్దా?"

పిన్ని గేటు మీది బ్యానరు వైపు తలెత్తి చూసింది. చివరికి, "బ్యానరులో ఇంత పెద్ద తప్పు చేసింది నేనేనని చెప్పండి. అది చూడ్డానికైనా వస్తుంది" అంది.

వచ్చింది. ఆదివారం పొద్దున అందరికంటే ముందొచ్చి, నడుం వంచి, ఆవరణలో సుద్దతో బారుగా ఒక గీత గీసింది. పిన్ని కుర్చీలు సర్దుతూ దొంగచాటుగా చూసింది. అక్క జుట్టు ఇంకాస్త తెల్లబడింది. మోకాలు నొప్పేమో, లేస్తూ గోడ పట్టుకుంది. వెళ్లి చెయ్యందిద్దామని రెండడుగులు వేసి, అక్క తలెత్తేసరికి చటుక్కున ఒక కుర్చీ పట్టుకుని ఉన్నచోటే మళ్లీ సర్దింది.

తొమ్మిదయ్యేసరికి చర్చి కిక్కిరిసిపోయింది. బల్లలు నిండాయి, కిటికీలు నిండాయి, మెట్లు నిండాయి. గొడుగాయన ఒక పక్క, నిచ్చెనావిడ ఒక పక్క బుద్ధిగా కూర్చున్నారు. పంక్చర్ల తాత ఉతికిన చొక్కా వేసుకుని ముందు వరుసలోనే ఉన్నాడు. కొత్తవాళ్లకి ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో తెలియక పక్కవాళ్లని చూసి లేచి కూర్చుంటున్నారు. పాట వస్తే మాత్రం రానివాళ్లు కూడా అందుకున్నారు. చర్చి కప్పు లేచిపోతుందేమోనన్నంతగా వచ్చింది గానం. పిన్నికి కంగారుగా ఉన్నా కడుపు నిండినట్టయింది. ఇంతమంది తన అక్షరాలు చదివి వచ్చారు!

ప్రార్థన అయ్యాక పాస్టరుగారు చేతులు చాపి, "ఒకరికొకరు సమాధానం చెప్పుకుందాం" అన్నాడు. పిన్ని అలవాటు చొప్పున పక్కనున్న మందుల షాపతని వైపు తిరిగి చెయ్యి చాపింది.

"మీకు సమాధానం."

"నేనింకా ప్రశ్న అడగలేదు కదండీ!" అన్నాడతను కంగారుగా.

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. నవ్వు బల్ల నుంచి బల్లకి పాకింది. ఎందుకు నవ్వుతున్నారో తెలియని వెనకవాళ్లు కూడా నవ్వారు. పాస్టరుగారు ఆ మాటకున్న రెండర్థాలూ, బ్యానరు కథా దాచకుండా చెప్పేశాడు. "జవాబన్న సమాధానం ఆవరణలో దొరుకుతుంది. శాంతి అన్న సమాధానం ముందు ఇక్కడ తీసుకోండి" అన్నాడు. అంతే, ఎవరు ఏ పార్టీయో చూసుకోకుండా చేతులు కలపడం మొదలైంది. గొడుగాయన నడవ దాటి వచ్చి నిచ్చెనావిడ ముందు నిలబడ్డాడు.

"మీకు సమాధానం మేడం. రాత్రి మైకులో మిమ్మల్ని నానా మాటలూ అన్నాను."

"విన్నానండీ. మా ఇంటి ముందే అన్నారుగా. మీకూ సమాధానం" అందావిడ నవ్వుతూ.

తలుపు పక్క నుంచి పిన్ని కిటికీ వైపు చూసింది. మధ్యలో అందరూ చేతులు కలుపుతున్నారు, ఎవరెవరో కావలించుకుంటున్నారు. వాళ్ల భుజాల సందులోంచి అక్క కూడా ఇటే చూస్తోంది. చూపులు కలిశాయి, ఇద్దరూ ఒక్కసారే తల తిప్పుకున్నారు.

ఆవరణలో అక్క రాజ్యం మొదలైంది.

"గీత మీద కాలు పెట్టకు. ఒకరి తర్వాత ఒకరు. బాబూ, నీ వెనక ముసలాయన ఉన్నాడు, ముందు ఆయన్ని రానీ. రా తాతా."

తాత గొంతు సవరించుకుని తన మురుగు కాలవ గురించి అడిగాడు. గొడుగాయన లేచి, "చారిత్రకంగా చూస్తే ఈ వార్డు అభివృద్ధిలో..." అని అందుకున్నాడు.

"బాబూ, ఆయన కాలవ గురించి అడిగాడు. చరిత్ర గురించి కాదు" అంది అక్క.

జనం చప్పట్లు కొట్టారు. పిన్ని కళ్లు పెద్దవయ్యాయి. సొంత పార్టీ మనిషినే వదల్లేదు అక్క! ఆ నిమిషాన ఆవిడని చూసి పిన్నికి ఎంత గర్వంగా అనిపించిందంటే, పక్కనున్న బాబాయిని మోచేత్తో పొడిచి, "మా అక్క" అంది, ఆయనకి తెలియనట్టు.

గొడుగాయన నీళ్లు నమిలి, కాలవ పని పోయిన ఏడే మొదలవ్వాల్సిందనీ, తనే గట్టిగా వెంటపడలేదనీ ఒప్పుకున్నాడు. తర్వాత వీధి దీపాల గురించి అడిగితే నిచ్చెనావిడ "పరిశీలిస్తాం" అంది. అక్క వదిలిందా? "తెలియదా అమ్మా? అయితే తెలియదని చెప్పు. తెలియదన్నా సమాధానమే." ఆవిడ తడబడి, ఆనక నవ్వేసి, "తెలియదండీ. కనుక్కుని రేపే వచ్చి చెబుతాను" అంది. దానికీ చప్పట్లు పడ్డాయి. తెలియదన్నందుకు చప్పట్లు పడడం ఆవిడ జన్మలో చూసి ఉండదు. ఆ తర్వాత ఇద్దరికీ ధైర్యం వచ్చినట్టుంది, తెలిసింది తెలుసనీ తెలియంది తెలియదనీ హాయిగా చెప్పుకుపోయారు.

అంతా సంబరంగా సాగుతుండగా మందుల షాపతని వంతు వచ్చింది. పాపం, అతనికి ఈ కుటుంబం గొడవేమీ తెలియదు.

"మేడం, మీరు గెలిస్తే ఆదివారం సెలవు తీసేసి చర్చిలు మూయిస్తారని నా ఫోనుకొచ్చింది. నిజమేనా?"

నిచ్చెనావిడ పకపకా నవ్వింది. "నేను పోటీ చేసేది వార్డుకండీ! సెలవుల మీద నాకంత అధికారమే ఉంటే, ముందు మా ఇంట్లో నాకు ఒక ఆదివారం సెలవు ఇప్పించుకునేదాన్ని కాదూ?"

ఆడవాళ్లయితే కడుపు పట్టుకుని మరీ నవ్వారు. కానీ ఆ జనంలో ఉన్న చుట్టాలు మాత్రం నవ్వుతూ నవ్వుతూ ఒక్కొక్కరే అక్క వైపు తిరిగారు. అక్క సుద్దముక్క చేతిలో పట్టుకుని నేల చూపులు చూస్తోంది. చెవులు ఎర్రబడ్డాయి.

ఇన్ని నెలలూ పిన్ని ఎదురుచూసిన క్షణం ఇదే. నేనన్నానా, అబద్ధమని నేను ముందే చెప్పానా అని మనసులో ఎన్నిసార్లు అనుకుందో! తీరా అది వచ్చేసరికి ఆవిడకి ఇసుమంత సంతోషం కూడా కలగలేదు. అక్క తల వంచుకుని నిలబడి ఉంటే చూడలేకపోయింది. ప్రభువా, ఈ గెలుపు నాకొద్దు అనుకుంది. లేచి జనాన్ని తోసుకుంటూ వెళ్లి గీత దగ్గర నిలబడింది.

అక్క తలెత్తింది. "నీకేం ప్రశ్న?" గొంతు బిరుసుగానే ఉంది.

"ప్రశ్న కాదక్కా. సమాధానం. నువ్వడిగి చాలా రోజులైంది. ఇప్పుడు తెచ్చాను."

వెనకవాళ్లు వినడానికి ముందుకు జరిగారు.

"అందరి ముందూ అడిగాను" అంది అక్క మెల్లగా.

"అందరి ముందే చెబుతాను." వీధంతా వినిపించే ఆ గొంతు ఎక్కడికి పోయిందో, పిన్ని నోట మాట సన్నగా వచ్చింది. "ఆ మెసేజి అబద్ధం. నువ్వు అబద్ధాలకోరువి కాదు. చర్చి మూసేస్తారేమోనని భయపడ్డావు, ప్రార్థన చేయమన్నావు. నేను నీ భయం చూడలేదు, తప్పొక్కటే చూశాను. పక్కన కూర్చుని చెప్పాల్సింది పదిమందిలో అన్నాను. నువ్వు లేకపోతే నాకేం బాగుండడం లేదక్కా."

అక్క గీత దగ్గరికి ఒక అడుగు వేసింది. "అది అబద్ధమని నాకు మర్నాడే తెలిసిందే. తెలిసి ఎవరితో చెప్పుకోను? చెప్పుకోవడానికి నువ్వు గ్రూపులో ఉంటేగా!" కళ్లు తుడుచుకుని, ఆస్పత్రి గొంతు మళ్లీ తెచ్చుకుంది. "సగమే చెప్పావు. ఇంకో ప్రశ్న కూడా ఉంది. నేను బుద్ధి లేనిదాన్నా?"

పిన్ని ఆలోచించింది. "దానికి సమాధానం ఇంటికెళ్లాక చెబుతాను."

ముందు అక్కే నవ్వింది. ఆ తర్వాత పిన్ని నవ్వింది. ఇన్ని నెలలుగా లోపల అణిగి ఉన్న నవ్వు, పక్క వీధి దాటి ఆ పై వీధికి కూడా వినిపించి ఉంటుంది. అక్క గీత ఇవతలికి వచ్చేసి, సుద్ద చేత్తోనే చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"సమాధానమే పిచ్చిదానా."

"సమాధానం అక్కా."

చూస్తున్నవాళ్లలో ఏడవనివాళ్లు తక్కువ. గొడుగాయన బాహాటంగానే ముక్కు చీదాడు. పాస్టరుగారు కార్యక్రమం కాగితం తీసి అటూ ఇటూ తిప్పి, "ఇందులో అచ్చుతప్పు ఒకటి పడినట్టుంది. అక్కచెల్లెళ్ల పాట కనపడడం లేదు" అన్నాడు. ఇంక చెప్పేదేముంది? అక్కడే, ఆవరణలో, అక్క పాట ఎత్తుకుంది. పిన్ని రెండో గొంతు అందుకుంది. మొదటి చరణంలో కాస్త తొట్రుపడ్డారు గానీ, రెండో చరణానికి ఎవరి చోటు వాళ్లకి దొరికింది. ఎవరికీ లేవాలనిపించలేదు. పంక్చర్ల తాత అయితే చివర్లో "ఇది మళ్లీ ఎప్పుడు?" అని అడిగాడు. "ప్రతి ఆదివారం తాతా" అన్నాడు పాస్టరుగారు.

ఇంటికెళ్లాక రెండో ప్రశ్న సంగతి కూడా తేలింది. ఎలా తేలిందో ఎవరూ బయటికి చెప్పలేదు. తలుపులు వేసి ఉన్నా ఇద్దరి గొంతులూ, ఇద్దరి నవ్వులూ వీధిలోకి వినిపించాయి. ఓట్లు మాత్రం ఎవరివి వాళ్లు వేసుకున్నారు, అక్క గొడుగుకి, పిన్ని నిచ్చెనకి. వెళ్లింది ఒకే రిక్షాలో. తిరిగొచ్చేటప్పుడు దారంతా వాదించుకుంటూ వచ్చారు.

మర్నాడు షాపులో మిషను మోతలో పిన్ని ఫోను మోగింది. చుట్టాల గ్రూపు కాదు. అక్క విడిగా, ఆవిడ ఒక్కదానికే పంపింది. కింద ఎవరో పుట్టించిన పొడుగాటి కబురేదో ఉంది. పైన అక్క సొంతంగా రాసిన రెండు ముక్కలున్నాయి.

"ఇంకా ఎవరికీ పంపలేదు. ఇది నిజమేనా చెల్లీ?"

పిన్ని మిషను ఆపమని బాబాయికి సైగ చేసింది. కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ కబురంతా మొదటి నుంచీ ఓపిగ్గా చదివి, సమాధానం రాసింది.